చెరో రెక్క

కార్తీకం దగ్గరపడి, గాలి ఉత్తరం నుంచి వీచడం మొదలుపెట్టగానే నా వేళ్ళు కుదురుగా ఉండవు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునే ముందు తలుపు అంచు తడుముతాను. మా తమ్ముడి కొడుక్కి పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడూ అదే పని చేస్తుంటే, మనం వచ్చింది పిల్లను చూడ్డానికి, గుమ్మాన్ని కాదని మా ఆవిడ అందరి ముందూ అనేసింది. ఆ సంబంధం కుదిరింది. ఆ తలుపు మాత్రం ఎండలు ముదిరేసరికి నిలువునా పగిలింది, నేను చెప్పినట్టే.

ఉద్యోగం నుంచి దిగిపోయే నాటికి నేను ప్రభుత్వ శిక్షణ సంస్థలో వడ్రంగం నేర్పే మేష్టారిని. నా దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు కాంట్రాక్టర్లయ్యారు, కొందరు తాతలు కూడా అయ్యారు. ఏటా వానాకాలంలో వాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే. తలుపు బిగుసుకుపోయింది మేష్టారూ, కొంచెం చిత్రిక పట్టేస్తే పోదా? పట్టొద్దు, కార్తీకం దాకా ఆగండి అంటాను. ఆగలేం అంటారు. ఆగలేనివాళ్ళు నన్నెందుకు అడగాలో నాకు అర్థం కాదు. అందుకని ఆ మాట నాకెక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ రాసిపెడుతున్నాను. చదివితే చదవండి, లేకపోతే మీ తలుపు, మీ ఇష్టం.

అరవయ్యో దశకం చివరి రోజులు. శ్రీముఖలింగానికి దిగువన, వంశధార ఒడ్డు పల్లెల్లో మా మేనమామ పేరున్న మేస్త్రి. నేను ఆయన్ని మావ అనేవాణ్ణి. ఆయన దగ్గర పనిచేసేది ఇద్దరమే. ఆయన కొడుకు ఒకడు, అంటే నాకు బావ, రెండోవాణ్ణి నేను. బావ కొన్నాళ్ళు విజయనగరంలో ఒక ఫర్నిచర్ షాపులో చేసి వచ్చాడు. చేతి వేగం ఉన్నవాడు. నేను ఒక చెక్క సాపు చేసేలోగా అతను రెండు చేసి, ఈల వేసుకుంటూ నా వైపు చూసేవాడు. మావకు ఆ ఈల నచ్చేది కాదు.

మావ చుట్ట అడ్డపొగ తాగేవాడు, అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. మా వైపు ఆడా మగా చాలామంది అలాగే తాగేవారు. దానివల్ల మావకు ఒక సదుపాయం ఉండేది. జవాబు చెప్పడం ఇష్టం లేని ప్రశ్న ఎవరైనా అడిగితే చుట్ట తిప్పి నోట్లో పెట్టుకునేవాడు. నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషిని ఎవరూ రెట్టించి అడగరు.

దసరా వెళ్ళి వానలు వెనకబట్టాక మా తిరుగుడు మొదలయ్యేది. తను గుమ్మం నిలబెట్టిన ఇళ్ళన్నిటికీ మావ ఏటా ఒకసారి వెళ్ళేవాడు. వానలకు తాగిన నీరు చెక్కలోంచి దిగిపోవాలి, చలిగాలికి చెక్క పగలడం ఇంకా మొదలు కాకూడదు. ఆ రెంటి మధ్యా దొరికే కొద్ది రోజుల్లోనే నూనె పట్టించాలి. తొందరపడితే తడి లోపలే ఉండిపోతుంది, ఆలస్యం చేస్తే పగుళ్ళకు పూత పూసినట్టవుతుంది. తలుపులూ కిటికీలూ బూడిదతో తోమి, ఆరనిచ్చి, చెదలు కట్టిన మట్టి గీకేసి, గుగ్గిలం పొడి కరిగించిన అవిసె నూనెను గుడ్డతో రుద్దేవాళ్ళం. ద్వారబంధం నేలను తాకేచోట మాత్రం పలాస నుంచి తెప్పించిన జీడిపిక్కల తొక్క నూనె పూసేవాళ్ళం. అది పూస్తే చెద దగ్గరికి రాదు. మన చేతికి తగిలితే పొక్కులు లేచి అన్నం కలుపుకోవడానికి కూడా పనికిరాదు. మేం వచ్చామని తెలిస్తే చాలు, ఆ ఇంటి ఆడవాళ్ళు మంచం కోళ్ళు, గాదె చెక్కలు, ఊయల బల్ల, చివరికి కవ్వం కూడా తెచ్చి మా ముందు పడేసేవారు. మావ దేనికీ కాదనేవాడు కాదు.

ఆ ఇళ్ళల్లో ఒకటి ఇద్దరు అన్నదమ్ములది. వాళ్ళ నాన్నా మావా ఒక ఈడువాళ్ళు, మంచి స్నేహితులు. ఆ ఇంటి సింహద్వారం మావ వయసులో ఉండగా చేసిన మొదటి పెద్ద పని. గడపా నిలువు కమ్ములూ పర్లాకిమిడి వైపు కొండల నుంచి బండి మీద దిగిన గుగ్గిలం కర్ర, రెక్కలు టేకు. రెండు రెక్కలూ కలిసేచోట సందు కనపడకుండా కుడి రెక్కకు నిలువుగా ఒక పట్టీ కొట్టి ఉండేది. తలుపు మూస్తే ఆ పట్టీ వచ్చి ఎడమ రెక్క అంచు మీద కూర్చునేది. దాని పొడవునా మావ చెక్కిన చిక్కుడు తీగ ఉండేది. కొత్తవాళ్ళెవరైనా పని చేయించుకోవాలని వస్తే, ముందు వెళ్ళి ఆ తలుపు చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం అనేవాడు మావ.

తండ్రి పోయాక అన్నదమ్ములకు పంపుసెట్టు దగ్గర మాటొచ్చింది. తమ్ముడు కొందామన్నాడు. ఏతంతో గడుస్తుంటే ఎందుకన్నాడు అన్న. తమ్ముడు కొనేశాడు. ఆ తర్వాత మాటలు పంపుసెట్టును దాటి చాలా దూరం పోయాయి. పొలం పంచుకున్నారు, పశువులు పంచుకున్నారు, ఇంటి నడవ మధ్యలో తాటాకు తడిక కట్టుకున్నారు. తడిక గుమ్మం దాకా వచ్చి ఆగింది, ఎందుకంటే ఆ గుమ్మం సరిగ్గా ఇంటి నడిమధ్యన ఉంది. ఊరి పెద్దమనుషులు కూర్చుని బుర్రలు బద్దలు కొట్టుకుని, కుడి రెక్క అన్నకు, ఎడమ రెక్క తమ్ముడికి అని తేల్చారు. నవ్వకండి. ఆ తీర్పు చెప్పినవాళ్ళు కూడా నవ్వలేదు.

ఇక ఆ ఇంటి తోడికోడళ్ళు. శుక్రవారం గడపకు పసుపు రాసేటప్పుడు ఎవరి సగం వాళ్ళు రాసుకునేవారు. ఒకరి చెయ్యి రెండోవాళ్ళ వైపు పోకూడదన్న జాగ్రత్తలో మధ్యన వేలెడు మేర ఎవరూ రాయకుండా వదిలేసేవారు. పసుపుపచ్చటి గడప మీద ఆ నల్లటి గీత వీధిలోకి కూడా కనిపించేది. నాకు ఆ ఇంటి తగువంతా ఆ గీతలోనే కనిపించేది.

ఆ ఏడు భాద్రపదంలో ముసురు పట్టి వదల్లేదు. రెండు రెక్కలూ ఉబ్బిపోయాయి. అన్న తన రెక్కను కాలితో తన్ని తెరిచేవాడు. తమ్ముడి భార్య కడుపుతో ఉంది. ఆమె భుజం పెట్టి తోస్తేగాని ఎడమ రెక్క కదిలేది కాదు. తమ్ముడు మా ఇంటికి వచ్చిన రోజు మావ టెక్కలిలో చుట్టాలింటికి పరామర్శకు వెళ్ళి ఉన్నాడు. బావ చిత్రిక తీసుకుని బయల్దేరాడు, సాయం నేను వెళ్ళాను. అతను ఆ ఎడమ రెక్క అడుగూ, రెండో రెక్కకు ఆనుకునే అంచూ నున్నగా చిత్రిక పట్టేశాడు. పని అయ్యాక వేలితో తోస్తే తలుపు తెరుచుకుంది. ఆ ఇల్లాలు సంబరపడిపోయి మా ఇద్దరికీ బెల్లం టీ ఇచ్చింది. దారి పొడవునా బావ ఈల వేస్తూనే ఉన్నాడు.

ఊరి నుంచి వచ్చిన మావ సంగతి విని తిన్నగా ఆ ఇంటికి వెళ్ళాడు. వసారా మూల పోగుపడిన చిత్రిక పొట్టు గుప్పెడు తీసి పిండాడు. పొట్టు ముద్దయింది. ఇంటికి వచ్చాక కొడుకును పిలిచాడు.

“తడిసిన గుడ్డ కత్తిరించి సొక్కా కుట్టినావురా. అది ఆరినాక ఎవుడికి పడతాది?”

“కడుపుతో ఉన్న మనిసి భుజం పెట్టి తోస్తంది నాన్నా. సూస్తా ఊరుకోమంటావేటి?”

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. చెక్క సంగతి మావకు తెలుసు, నిజమే. కాని ఆ మనిషి అవస్థ కళ్ళారా చూసినవాడు బావ. మావ చుట్ట నోట్లో పెట్టుకున్నాడు.

కార్తీకంలో ఆ ఇంటికి నూనె పట్టించడానికి వెళ్ళాం. అన్న వసారాలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. తన రెక్కకే పూయాలనీ, రెండో వైపు చుక్క కూడా పడకూడదనీ చెప్పాడు. మావ అలాగే బాబూ అని, ఎడమ రెక్కకు పాత పంచె కప్పి, కుడి రెక్కకు నూనె పట్టించాడు. మరి తమ్ముడూరుకుంటాడా? శ్రీకాకుళం వెళ్ళి డబ్బాలో పచ్చ ఎనామిల్ రంగు తెచ్చి తన రెక్కకు తనే వేసుకున్నాడు. ఒక రెక్క నూనె నలుపు, ఒక రెక్క చిలకపచ్చ. కార్తీక సోమవారాలకు ముఖలింగం నడిచిపోయే జనం ఆ ఇంటి ముందు ఆగి చూసి పోయేవారు. ఇదేం పార్టీ ఆఫీసని ఎవరో అడిగారట కూడా.

రంగు వేసినవాడు ఆరనియ్యకుండా తలుపు మూశాడు. పచ్చరంగు వెళ్ళి అన్న పట్టీకి అంటుకుంది. మర్నాడు పొద్దున్నే మాకు కబురొచ్చింది. పట్టీ ఊడపీకెయ్యమన్నాడు అన్న. తన రెక్కకు కొట్టిన పట్టీ తమ్ముడి రెక్క మీద ఎందుకు పడాలని ఆయన ప్రశ్న.

“పట్టీ తీస్తే గాలొస్తాది బాబూ,” అన్నాడు మావ.

“వస్తే ఆడికే వస్తాది. పీకీ.”

గాలికి వాటాలు తెలియవని ఆయనకు ఎవరు చెప్తారు. మావ మేకులు ఒక్కొక్కటీ లాగి, పట్టీ విరక్కుండా తీసి, నా చేతికిచ్చాడు. దాన్ని పొయ్యిలో పెట్టుకోండని అన్న అన్నాడు. సరే అన్నాడు మావ. నేను దాన్ని పనిముట్ల సంచిలో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చాను. ఆ తర్వాత ఆ పట్టీ సంగతి మావ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మార్గశిరం వచ్చింది. నది మీది మంచు తెల్లవారేసరికి ఊళ్ళోకి ఎక్కి వచ్చేది. పొడిగాలికి రెక్కలు రెండూ ఆరి కుదించుకున్నాయి. అన్న రెక్క తన పాత కొలతకు వచ్చి కూర్చుంది. తమ్ముడి రెక్క తడిలో చిత్రిక పట్టినది కాబట్టి, ఆరేసరికి వెడల్పు తగ్గిపోయింది. కప్పడానికి పట్టీ లేదు. తలుపు మూస్తే రెండు రెక్కల మధ్య పైనుంచి కింద దాకా బొటనవేలు దూరేంత సందు. ఆ సందులోంచి చలిగాలి ఈల వేస్తూ ఇంట్లోకి వచ్చేది. ఆ ఈల వింటే మా బావ తల దించుకునేవాడు.

తమ్ముడి భార్య అప్పటికే ప్రసవించింది. పుట్టింట్లో తల్లి లేదు కాబట్టి పురుడు ఇక్కడే పోశారు. మగపిల్లవాడు. నడవలో తడికకు అటు తల్లీ బిడ్డా పడుకునేవారు. పసివాడికి జలుబు చేసి, పాలు తాగలేక, ఊపిరి గురగురమంటూ ఉండేది. ఏ వాముపొగ వేసినా తెల్లారి మంచుకు మళ్ళీ మొదటికొచ్చేది.

బావ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, తమ్ముడి రెక్క అంచుకు ఒక బద్ద అతికించి సందు తగ్గిస్తానన్నాడు. పట్టీ తీసింది మా అన్న కదా, ముందు ఆయన్ని పట్టీ కొట్టమను, అన్నాడు తమ్ముడు. బావ అన్న దగ్గరికి వెళ్ళాడు. రెక్క కోసుకున్నది వాడు కదా, ముందు వాణ్ణి బద్ద అతికించుకోమను, అన్నాడు అన్న. బావ అటూ ఇటూ తిరిగి తిరిగి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం అన్నదమ్ములిద్దరూ, వేరువేరుగా, ఒకే మాట మీద మా ఇంటికి వచ్చారు. చాన్నాళ్ళకు వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. గడప, పైకమ్మి మధ్యకు కోసెయ్యాలి. నడుమ గోడ లేపాలి. చెరో చిన్న తలుపు పెట్టుకోవాలి. ఇక ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. గోటితో పోయేదాన్ని రంపం దాకా తెచ్చుకున్నారు.

మావ ఇద్దరికీ సరేనన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ గుమ్మం పోతే మా ఇంటి పరువు పోయినట్టే అనిపించింది. పైగా అది పోతే ఆ ఇల్లు మళ్ళీ కలవదని నాకు ఖాయంగా తెలుసు. తడిక అయితే ఎప్పుడో ఒకప్పుడు చివికి పడిపోతుంది. గోడ లేచాక ఎవరు పడగొడతారు?

“నువ్వు సేసిన గుమ్మం నువ్వే కోస్తావేటి మావా?” అన్నాను.

“గుమ్మం నాదేట్రా? ఆళ్ళది,” అన్నాడు.

మర్నాడు అన్నదమ్ములతో ముహూర్తం మాట్లాడుతూ ఒక నియమం చెప్పాడు. పసుపు రాసిన గడప మీద మొదటి కోత వడ్రంగి పెట్టకూడదట. ఇంటివాళ్ళే పెట్టాలట. గడప ఇద్దరిదీ కాబట్టి ఇద్దరూ కలిసి పెట్టాలట. అంగుళం మేర తెగాక మిగిలింది తను చూసుకుంటాడట. అన్నదమ్ములు మొహమొహాలు చూసుకోబోయి, తమకు మాటల్లేవని గుర్తొచ్చి ఆగిపోయి, సరే అన్నారు.

నేను మావ దగ్గర పనిలో పడి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఆ ఆచారం సంగతి ఎప్పుడూ వినలేదు. ఇంటికి వస్తూ దారిలో, ఇది నిజంగా మన పనిలో ఉన్న కట్టుబాటేనా అని అడిగాను. మావ చుట్ట తీసి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని, నది వైపు చూస్తూ నడిచాడు. ఇంటికి వచ్చేదాకా తియ్యలేదు.

ఆ రోజు పొద్దున మంచు ఇంకా విడలేదు. మేం ముగ్గురం ఇద్దరు లాగే పెద్ద రంపం మోసుకుని వెళ్ళాం. రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఇరుగుపొరుగు నలుగురైదుగురు దుప్పట్లు కప్పుకుని వీధిలో నిలబడ్డారు. తడికకు కుడివైపు పెద్ద కోడలు, ఎడమవైపు పసివాణ్ణి గుడ్డల్లో చుట్టుకుని చిన్న కోడలు, ఎవరి వైపు వాళ్ళు నిలబడ్డారు. మావ తడిక కొసను కాస్త వెనక్కి మడిచి, గడపను తడిగుడ్డతో తుడిచి, మధ్యన పసుపు అంటని ఆ గీత మీద రంపాన్ని ఆనించాడు. ఇంటి లోపలి కొస అన్న పట్టుకున్నాడు, వసారాలో కొస తమ్ముడు పట్టుకున్నాడు.

రంపం కదల్లేదు. ఇద్దరూ ఒకేసారి తమ వైపు లాగారు. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి తోశారు, రంపం విల్లులా వంగింది. గుగ్గిలం కర్ర, వయసు మీరిన కర్ర, దాని మీద పళ్ళు జారుతున్నాయి. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. బావ ముందుకు కదలబోతే మావ కళ్ళతోనే ఆపాడు.

“ఒకరు లాగినపుడు రెండోవోరు ఒదిలీయాల బాబూ. ఈ రంపం తోసీది కాదు,” అన్నాడు.

అన్న లాగాడు, తమ్ముడు వదిలాడు. తమ్ముడు లాగాడు, అన్న వదిలాడు. మొదట గీసింది, తర్వాత పళ్ళు కర్రలోకి దిగాయి. కాసేపటికి చప్పుడు కుదిరింది. రంపపు పని తెలిసినవాళ్ళకు ఆ చప్పుడు తెలుస్తుంది, అటూ ఇటూ ఒకే నిడివితో, తొట్రుపాటు లేకుండా. ఇద్దరూ చక్కగా కోస్తున్నారు. అది చూసి నాకు దుఃఖం వచ్చింది. ఇంత బాగా కలిసి పనిచేయగలవాళ్ళు కలిసి చేస్తున్న పని చూడండి.

గోధుమరంగు పొడి గడపకు రెండు వైపులా రాలుతోంది. తమ్ముడు చెమట తుడుచుకోవడానికి ఆగాడు.

“ఇంత గట్టిదేటి మేస్త్రీ ఈ కర్ర?”

“మీ అయ్యా ఇదే అడిగినాడు బాబూ. ఇది కోసినపుడు ఆ సివర మీ అయ్య, ఈ సివర నాను.”

మావ ఆ మాట ఎవరినీ దెప్పడానికి అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. కాని ఆ తర్వాత ఇద్దరూ రంపం లాగలేదు. వదిలెయ్యనూ లేదు. పిడులు పట్టుకుని అలాగే కూర్చున్నారు. నాకు మావ వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు చిన్న కోడలు నోరు విప్పింది. ఆమె మొగుణ్ణి అడగలేదు, మొగుడి అన్నను అడగలేదు. మావను అడిగింది. ఈ గుమ్మం ఇవాళ కోసేస్తే, రాత్రికి ఏం అడ్డం పెడతారని. మావ ఆలోచించి, తాత్కాలికంగా తడికలు కడతామన్నాడు. కొత్త తలుపులకు మా పశువుల కొష్టంలో ఎండబెట్టిన కర్ర ఇంకా ఆరాలి, పచ్చి కర్రతో చేస్తే మళ్ళీ ఇదే సందు వస్తుందన్నాడు.

“ఎప్పటికారతాది?”

“మళ్ళీ వానలెల్లినాక సూడాలమ్మా.”

పిల్లవాడు దగ్గాడు. అంత చిన్న ప్రాణం దగ్గితే చప్పుడు పెద్దగా రాదు, గుడ్డలు కదులుతాయి, అంతే. తడికకు ఇటువైపు నుంచి పెద్ద కోడలు మాట్లాడింది. పొయ్యిలు వేరుపడ్డాక ఆ ఇంట్లో తడిక దాటిన మొదటి మాట అదేనని తర్వాత ఊళ్ళో అనుకున్నారు.

“అందాకా గుంటడు సలిలోనే ఉంటాడేటి?”

అంది గాని, సమాధానం కోసం చూడలేదు. గడప దాటి వసారాలోకి వచ్చి, ఎడమవైపుకు వెళ్ళి, తోడికోడలి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, తన వైపు గదిలోకి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. చిన్న కోడలు ఆమె వెనకే వెళ్ళింది. వెళ్ళడానికి ఆమె కుడివైపు నుంచే గడప దాటాల్సి వచ్చింది.

అన్న రంపం పిడి వదిలేశాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. చాలాసేపు గడప మీది గాటును చూశాడు. అంగుళం కూడా దిగలేదు.

“మేస్త్రీ, ఆ పట్టీ ఉన్నాదా? పొయ్యిలో ఎట్టీసినావా?”

“ఉన్నాది బాబూ.”

సంచి నా దగ్గరే ఉంది. మావ చెయ్యి చాపితే విప్పాను. రంపపు ఆకురాయి కింద, గుడ్డలో చుట్టి, ఆ పట్టీ ఉంది. అది సంచిలోకి మళ్ళీ ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. దాని మీది పచ్చరంగు గీకేసి ఉంది, చిక్కుడు తీగ మెరిసేలా నూనె పట్టించి ఉంది. ఎప్పుడు చేశాడో, నా పక్కనే ఉండే మనిషి, నాకు తెలియనివ్వలేదు.

మావ పట్టీని కుడి రెక్కకు పాత మేకుల కంతల్లోనే కొట్టాడు. బావకు చెప్పక్కర్లేకపోయింది. అతను అప్పటికే తమ్ముడి రెక్క అంచుకు సరిపోయే టేకు బద్ద కొలుచుకుంటున్నాడు. అంత నెమ్మదిగా అతను పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రానికి తలుపు మూస్తే సందు లేదు. గాలి ఈల ఆగిపోయింది. పసివాడికి తగ్గడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది గాని, తగ్గింది.

అన్నదమ్ములు ఆ రోజే కౌగిలించుకున్నారని రాయాలని నాకూ ఉంది. అలాంటిదేమీ జరగలేదు. తడిక తియ్యలేదు, పొలాలు కలవలేదు. గుమ్మం కోయడం మానుకున్నామని కూడా ఎవరూ అనలేదు. కర్ర ఆరాక చూద్దాం అన్నాడు అన్న. అదే సరి అన్నట్టు తల ఊపాడు తమ్ముడు. మరుసటి కార్తీకంలో మేం వెళ్తే, కర్ర ఆరిందేటి మేస్త్రీ అని అడిగారు. ఇంకా పచ్చిగానే ఉన్నాది బాబూ అన్నాడు మావ. అయితే నూనె పూసీ అన్నాడు అన్న. కుడి రెక్కకు పూసి వచ్చేశాం. ఎడమ రెక్కకు తమ్ముడు ఎప్పటిలాగే పచ్చరంగు వేసుకున్నాడు. ఆ పై ఏడూ అదే మాట, అదే జవాబు. ఎన్నేళ్ళు గడిచినా ఆ కర్ర ఆరలేదు. తడిక ఒక గాలివానకు పడిపోతే మళ్ళీ కట్టలేదు, అంతే.

బావ తర్వాత విశాఖపట్నంలో పడవల పనికి వెళ్ళిపోయాడు. అక్కడా వానల్లో చిత్రిక ముట్టడని పేరు తెచ్చుకున్నాడని విన్నాను. నేను శిక్షణ సంస్థలో చేరాక కూడా కార్తీకంలో సెలవు పెట్టి మావతో తిరిగేవాణ్ణి. పసుపు రాసిన గడప మీద మొదటి కోత ఇంటివాళ్ళే పెట్టాలని నా విద్యార్థులకు కూడా నేర్పాను. అది నిజమైన ఆచారమో, ఆ ఒక్క పూట కోసం పుట్టిన ఆచారమో నాకు తెలియదు. నేర్పేశాను కాబట్టి ఇప్పుడది ఆచారమే.

మావ పోయిన ఏడు, కొష్టం మూల ఆయన ఎండబెట్టానని చెప్పిన కర్ర కోసం వెతికాను. అక్కడ పిడకలున్నాయి, విరిగిన నాగలి ఉంది. తలుపులకు పనికొచ్చే చెక్క ఒక్కటి కూడా లేదు. ఎప్పుడూ ఉన్న గుర్తు కూడా లేదు. నేను అక్కడే పిడకల పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆయన చనిపోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆ కార్తీకంలో ఆ ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను. అన్నదమ్ములిద్దరూ వసారాలో ఉన్నారు, ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. జుట్లు నెరిశాయి. నేను సంచి దింపి, గడప ముందు కూర్చుని, అలవాటుగా వేలితో తడిమాను. రంపపు గాటు చేతికి తగల్లేదు. గోరు పెట్టి గీస్తే తెలిసింది. శుక్రవారం శుక్రవారం పసుపు మెత్తి మెత్తి, గాటు నిండిపోయి గట్టిపడింది. నల్లటి గీత లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు గడపంతా ఒకే పసుపు.

“ఏరా, మీ మావ ఎండబెట్టిన కర్ర ఏటైంది? ఆరిందేటి?” అని వెనక నుంచి అన్న అడిగాడు.

గోటికి అంటిన పసుపు గుడ్డకు తుడుచుకున్నాను.

“నేదు బాబూ. ఇంకా పచ్చిగానే ఉన్నాది.”

“అయితే నూనె పూసీ,” అన్నాడు.

గుడ్డ నూనెలో ముంచి, ఎప్పటిలాగే ఎడమ రెక్కకు పాత పంచె కప్పబోయాను. వసారా రెండో కొస నుంచి తమ్ముడు లేచి వచ్చాడు. పంచె నా చేతిలోంచి తీసి మడిచి పక్కన పెట్టాడు.

“ఆ పచ్చరంగు గోకీసి, దీనికీ పూసీరా,” అన్నాడు.

అన్న కుర్చీ కొంచెం జరిపి, నాకు వెలుతురు వచ్చేలా కూర్చున్నాడు. నేను సంచిలోంచి గోకే రేకు తీశాను.